ఇంటి పెరటిలో బదరీవృక్షము

శ్రీమద్రామాయణము అయోధ్యాకాండలో, చదువరి కంట తడిపెట్టించు ఘట్టమొకటి కలదు. చిత్రకూటమునకు వచ్చిన భరతుని వలన తండ్రి మరణవార్త విని శ్రీరామచంద్రుడు మందాకినీనదిలో జలతర్పణము విడిచి, తీరమున దర్భలు పరచి పిండప్రదానమునకు పూనుకొనెను. అయోధ్యాధీశునకు పిండమొసగుటకు ఆ యడవిలో రాజాన్నము ఎక్కడిది? ఇంగుదీఫలముల, అనగా గారపండ్ల పిండిలో రేగుపండ్లు కలిపి ముద్దచేసి దశరథుని పేరిట దర్భలపై ఉంచెను. తాము భుజించునది అదియే గనుక తండ్రికిని అదియే అర్పితము. మనుష్యుడు ఏది తినునో వాని దేవతలకును అదియే ఆహారము అను భావమును వాల్మీకి అక్కడ రామునిచేత పలికించెను. తరువాత ఆ పిండమును చూచిన కౌసల్యాదేవి, భూమండలమేలిన భర్తకు ఇట్టి పిండమా యని విలపించెను. తల్లి దృష్టికి అది దారిద్ర్యము. కుమారుని దృష్టికి అది ధర్మము.

రేగుపండు అనగానే పురాణ ప్రవచనములలో ముందుగా వచ్చునది శబరి కథ. ఆమె ఒక్కొక్క పండును కొరికి రుచిచూచి తియ్యనివే స్వామికి ఇచ్చెనని జనులు చెప్పుకొందురు. వాల్మీకి మాత్రము పంపాతీరమున లభించు నానావిధ వన్యపదార్థములను ఆమె శ్రీరాముని కొరకు సేకరించి ఉంచెననియే చెప్పెను. రేగుపండు పేరుగాని, ఎంగిలి మాటగాని అక్కడ లేదు. తరువాతి భక్తుల హృదయము ఆ కథను పెంచినది. దానిని తప్పుపట్టవలసిన పని లేదు. పండు పులుపో తీపో, పురుగు కలదో లేదో తెలియక దేవునికి పెట్టరాదను శ్రద్ధయే ఆ కల్పనకు మూలము.

ఇంతటి పండు నేడు మన యిండ్లలో సంవత్సరమునకు ఒకటి రెండు దినములే కనబడుచున్నది. భోగినాడు పిల్లల తలపై పోయుటకు సంతనుండి పావుకిలో, రథసప్తమినాడు జిల్లేడాకులతోపాటు తలపై ఉంచుకొని స్నానము చేయుటకు నాలుగు కాయలు! వినాయకచవితినాటి ఇరువదియొక్క పత్రులలో బదరీపత్రము చేరియున్నది. ఆ దినమున బజారులో ముళ్లున్న ఏ రెమ్మ దొరికినను బదరియే యని కొనువారు పెక్కుమంది. చెట్టును గుర్తెరుగని పూజ అట్లే ఉండును. పెరడున్నవారు ఒక్క చెట్టును పెంచుకొన్నచో ఈ మూడు పర్వములకును లోటుండదు.

ముండ్లచెట్టు ఇంట ఉండరాదను శంక ఇక్కడ తప్పక వచ్చును. అందులకు ఆధారము లేకపోలేదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యను చెప్పుచోట, గృహసమీపమున కంటకవృక్షములు శత్రుభయము కలిగించునని ఉన్నది. అయితే ఆ శంకను చెప్పువారు తరువాతి మాటను చెప్పరు. ఆ చెట్లను కొట్టివేయనిచో, వాటికిని ఇంటికిని నడుమ పున్నాగ, అశోక, వేప, పొగడ, పనస, జమ్మి, సాల వృక్షములను నాటవలెనని ఆ గ్రంథమే పరిహారము చెప్పినది. గొడ్డలి ఒక్కటే మార్గమని ఆచార్యుడు అనలేదు. అంతేకాక భూగర్భజలమును కనుగొను అధ్యాయములో రేగుచెట్టునకు తూర్పున పుట్ట ఉన్నచో పడమట మూడు పురుషుల లోతున నీరుండునని ఆయనయే చెప్పెను. నూతికి దారిచూపు చెట్టుగా పెద్దలు దీనిని గౌరవించిరన్నమాట. పిల్లలు ఆడుకొను వాకిటిలో గాక, పెరటి మూలన, దారికి దూరముగా పెట్టుకొనుట వివేకము. అమృతసరస్సులోని స్వర్ణమందిర ప్రాంగణమున నేటికిని రేగువృక్షములు పూజ్యములై నిలిచియున్నవి. ముళ్లని వాటినెవ్వరును తొలగింపలేదు.

చెట్టును గుర్తించుటలో మన పూర్వులు మిక్కిలి నిపుణులు. సౌత్రామణీ యాగమున కువలము, కర్కంధువు, బదరము అని మూడు తెగల రేగుల పిండిని వేరువేరుగా చెప్పిరి. మన గ్రామములలోను ఈ భేదము కలదు. పెరటికి తగినది గంగరేగు. దాని ఆకు గుండ్రదనము కలిగిన కోల. మొదటినుండి మూడు ఈనెలు స్పష్టముగా సాగును. పైభాగము నిగనిగలాడు పచ్చన, అడుగుభాగము తెల్లని నూగుతో మెత్తన. ఆకును త్రిప్పి చూచినచో చాలును, సందేహము తీరును. తొడిమ మొదట ముళ్లు జంటగా ఉండును. ఒకటి నిటారు, రెండవది వెనుకకు వంగిన కొంకి. నేలరేగు మోకాలెత్తు పొద. చిన్న ఆకులకు ఇరువైపుల నూగు, బఠాణీగింజంత కాయ. పరికి వేరు, అది ప్రక్కచెట్లపైకి ప్రాకును, ఆకు మొదలు ఒకవైపునకు ఒరిగియుండును, పండు నల్లగా మెరయును. ఈ రెండును రేగుకు చుట్టములే గాని పెరటిలో పెంచదగినవి కావు.

బదరీనాథ క్షేత్రమున తపస్సు చేయుచున్న నారాయణునకు లక్ష్మీదేవి బదరీవృక్షరూపమున నీడయిచ్చెనని కథ. సముద్రమట్టమునకు 3,000 మీటర్లకు పైనున్న ఆ మంచునేలలో మన గంగరేగు బ్రతుకదు. అక్కడినుండి గింజ తెచ్చి నాటవలెనను కోరిక విడువవలెను. మన యెండకు, మన ఎర్రనేలకు, నల్లరేగడికి, కొంత చవుడునకు సైతము ఓర్చునది మన చెట్టే.

పెంచు విధము కఠినము కాదు. రేగునకు తల్లివేరు లోతుగా దిగును. పెరిగిన మొక్కను పెకలించి మరియొకచోట నాటినచో చాలవరకు చచ్చును. కావున ఉండవలసిన చోటనే గింజ వేయుట మేలు. బాగుగా పండిన పండ్ల టెంకలను ఉప్పునీటిలో వేసి, తేలినవానిని పారవేయవలెను. మునిగినవాటి పెంకును లోపలి పప్పు నలుగకుండ మెల్లగా పగులగొట్టినచో వారము దినములలో మొలచును. పగులగొట్టనిచో మూడు నాలుగు వారములు పట్టును.

గింజనుండి వచ్చిన చెట్టు తల్లిచెట్టు గుణమునే చూపునను నమ్మకము లేదు. తియ్యని పండు కావలెనన్న మంచిచెట్టు రెమ్మనుండి కన్ను తీసి, పెన్సిలంత లావైన నాటుమొక్క కాండముపై వానకాలమున కట్టవలెను. ఉమ్రాన్, గోలా, కైతలీ, బనారసీ కరాకా మున్నగు పేరుపొందిన రకములు ఇట్లే వ్యాపించినవి. ‘ఆపిల్ బేర్’ అని అంగళ్లలో అమ్ము పెద్దకాయలదియు ఈ జాతియే. కన్ను అతికిన తరువాత పైకొనను కోసివేయుదురు. అసలు జాగ్రత్త ఆ తరువాతనే. కట్టినచోటికి దిగువనుండి నాటువేరు చిగుళ్లు తలయెత్తుచునే ఉండును. వాటిని కనబడినప్పుడెల్ల గిల్లివేయవలెను. వేరునకు బలమెక్కువ. ఒక్క ఏడు ఏమరినచో పైనున్న తీపి రెమ్మ ఎండి, చెట్టంతయు మరల అడవిరేగై కూర్చుండును. భక్తుడు తన మనస్సునుగూర్చి చెప్పుకొను మాట వంటిది ఇది. తోటమాలికి మాత్రము ప్రతిదినపు పని.

పూత కొత్తరెమ్మలమీదనే వచ్చును. అందుచేత కాపు ముగిసి ఆకురాలు చైత్ర వైశాఖములలో గడచిన ఏటి రెమ్మలను సగమువరకు కత్తిరింపవలెను. దయతలచి కత్తి పెట్టనివారి చెట్టు గుబురుగా పెరిగి చిన్నకాయలే ఇచ్చును. కాయ పెరుగు కార్తీక మార్గశిరములలో నీరు పెట్టి, రంగు తిరుగునప్పుడు మానవలెను. పిందెలపై తెల్లని బూడిద కనబడినచో నీటిలో కరగు గంధకపుపొడిని లీటరునకు 2 గ్రాముల వంతున కలిపి చల్లుదురు. పండులో పురుగు ఈగవలన వచ్చునది. రాలిన పుచ్చుపండ్లను ఏరి లోతుగా పాతిపెట్టుట, వేసవిలో చెట్టుక్రింద మన్ను తిరుగవేయుట దానికి మందు. శబరి చేసినదనుకొను పరీక్షను గృహస్థుడు ఈ రీతిగా ముందే చేయవచ్చును.

కన్ను కట్టిన చెట్టు రెండవ మూడవ ఏటనుండియే కాయును. మొదటి కాపు కొంచెమైనను, పుల్లనైనను ఇంటి దేవునికి నివేదింపవలెను. రామచంద్రుడు తండ్రికి పెట్టినది రాజభోగము కాదు గదా. పసుపువన్నె తిరిగినవి భోగినాడు పిల్లలకు, వాకిటికి వచ్చిన ఇరుగుపొరుగు వారికి. మెత్తబడి ఎర్రనైన వాటిని బెల్లము, ఉప్పు, మిరప, జీలకర్రలతో దంచి వడియములు పెట్టవచ్చును. కొనకొమ్మలవి చిలుకలకు. మాఘశుద్ధ సప్తమి తెల్లవారుజామున స్నానమునకు కావలసిన పండ్లను మాత్రము కోయక చెట్టుననే మిగిల్చి ఉంచవలెను.