ఎవరూ చల్లని కూర

సాయిబుల ఇల్లంటే బిర్యానీ ఇల్లే అనుకుంటారు మా మిత్రులు. కాదని చెప్పే ఓపిక మాకూ ఎప్పుడో పోయింది. అసలు సంగతేమంటే, గుంటూరు పక్క పల్లెలో మా చిన్నప్పుడు వారంలో అయిదు రోజులు మా పొయ్యి మీద ఉడికింది భాజీయే. అదీ కొన్నది కాదు, మిరప కోతకు పోయిన అమ్మీ సాయంత్రం కొంగులో కట్టుకొచ్చింది. గంగవావిలి, చెంచలి, పొన్నగంటి, గట్ల మీద గలిజేరు. గంగవావిలిని ఇంట్లో కుల్ఫా అనేవాళ్ళం. చేలో తెలుగు, పొయ్యి దగ్గర ఉర్దూ. బళ్ళో మాత్రం ఏం తిన్నారని అడిగితే గోష్త్ అని చెప్పేవాళ్ళం. పేదరికం దాచుకోవడానికి మా మీద ఉన్న అపోహే మాకు అక్కరకొచ్చింది!

అమ్మీకి ఒక లెక్కుండేది. చిగురు తుంచాలి, వేరు పీకకూడదు. ఆ పూటకు కొంగులో పట్టినంతే. రైతు చూసీ చూడనట్టు పోయేవాడు, ఆయనకది కలుపు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ పురుగుమందే తాగి చచ్చిపోతున్న రోజుల్లో అమ్మీ కూర కొయ్యడం మానేసింది. మందు కొట్టిన చేలో ఆకు తెచ్చి పిల్లలకెలా పెడుతుంది?

చేలల్లో పోయిన ఆ కూర చుట్టం మాకు చాలా ఏళ్ళకు సముద్రం దగ్గర కనపడింది. పత్రిక పని మీద నిజాంపట్నం వైపు వెళ్ళాం. ఉప్పు పర్రలో ఒక యానాది ముసలమ్మ వంగి ఆకు కోస్తోంది. ఎర్ర కాడలతో నేల మీద పాకేది వంగరెడ్డి కూర, అచ్చం మా కుల్ఫాలాగే ఉంది. బియ్యపు గింజల్లా దళసరి ఆకులుండి, ఎండకు ఎర్రబారేది ఇలకూర. ఉడికించి నీళ్ళు వంపెయ్యాలి, ఉప్పు వెయ్యక్కర్లేదు. ఆమె నేర్పింది, మేం నేర్చుకున్నాం. ఆమె కూడా చిగురే తుంచుతోంది.

రెండోసారి బియ్యం సంచి పట్టుకుపోయాం. పట్నంలో మిత్రులకు పంచుదామని. ఆమె సంచి వైపు చూసింది.

“అమ్ముకోటానికా అయ్యా, తినటానికా?”

“తినటానికే అమ్మా.”

“ఎన్నాళ్ళు తింటారు?”

మా దగ్గర జవాబు లేదు. ఎవరూ చల్లలేదు, ఎవరూ నీళ్ళు పెట్టలేదు, కోసుకుంటే తప్పేమిటని లోపల వాదించుకున్నాం. నీళ్ళు, గడ్డి, నిప్పు అందరివీ అని మా పెద్దలు హదీసుగా చెప్పే మాటనూ సాయం తెచ్చుకున్నాం. కానీ ‘అందరిదీ’ అనడం వేరు, ‘ఎవరిదీ కాదు’ అనడం వేరు. మొదటి మాటలో వెనక వచ్చేవాడి వాటా ఉంది. రెండో మాటతోనే ఈ తీరమంతా రొయ్యల చెరువులు తవ్వారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో కొత్త చట్టం వచ్చింది, చెరువులు నిలబడ్డాయి. ఆ గట్ల కింద ఎంత ఇలకూర పోయిందో ఎవరు లెక్క రాశారు? అల్లా పేరున రాసిన వక్ఫ్ భూమి ఎవరిదీ కానట్టు మాయమైపోవడం చూసిన వాళ్ళం మేం. ఈ తేడా మాకు ఇంకొకరు చెప్పాలా? అయినా సంచి తెచ్చింది మేమే. అమ్మీ లెక్క మాకు గుర్తులేక కాదు. మా కడుపు నిండింది గనుక ఆ లెక్క మాకు వర్తించదనుకున్నాం.

సంచిలోది సగం పైగా ఆమె బుట్టలో పోశాం. “పేపర్లో రాస్తారా?” అని అడిగింది. కూర సంగతి రాస్తాం, చోటు రాయమన్నాం. నమ్మినట్టు లేదు. నమ్మాల్సిన అవసరం ఆమెకేముంది? ఇదిగో, ఇప్పుడు కూడా ఏ మలుపు దగ్గరో రాయడం లేదు.

మిగిలింది ఇంటికి తెచ్చి పప్పులో వేశాం. దీన్ని ఉర్దూలో ఏమంటారని పిల్లలు అడిగారు. మా ఇంటి ఉర్దూలో దానికి పేరు లేదు. ఇలకూరే అన్నాం.