రెండవ స్థానములోని సేవకుడు

వాక్యభాగములు: నిర్గమ 17:8-13, 33:11, సంఖ్యా 11:26-29, 27:18-20



అధ్యక్షుని కుర్చీ ఎప్పుడు ఖాళీ అగునా అని కాచుకొనుటయే ఉపాధ్యక్షుని పని అని కొందరు తలంచుదురు. యెహోషువను చూడుడి.

రెఫీదీములో మోషే కొండమీద చేతులెత్తగా, అహరోను, హూరు వాటిని ఆదుకొనిరి. క్రింద కత్తి పట్టి అమాలేకీయులతో పోరాడినవాడు యెహోషువ. మోషే పాళెమునకు తిరిగి వెళ్లినను అతడు గుడారమును విడువలేదు.

అయితే ఎల్దాదు, మేదాదు ప్రవచించినప్పుడు, వారిని ఆపుమని అతడు మోషేను కోరెను. మోషే ఒప్పుకొనక అతనిని సరిదిద్దెను. నాయకునిపై అభిమానము కూడ ఆత్మకు అడ్డు కారాదు.

పని వెదకికొనుచు వచ్చి, పరభాషల నడుమ మన పెద్దలు కట్టిన సంఘములివి. పదవుల పోటీ వీటిని చీల్చగలదు. ఉపాధ్యక్షులారా, అధ్యక్షుడు ఊరిలో లేనప్పుడు ఆరాధన, రోగుల దర్శనము, లెక్కలు ఆగనియ్యకుడి. భేదాభిప్రాయముంటే ఆయన ఎదుటనే చెప్పుడి. వేరు గుంపు కట్టకుడి. అధ్యక్షులారా, మోషే తన ఘనతలో కొంత యెహోషువకిచ్చెను. మీరును నమ్మి పని అప్పగించుడి.

గుడారమును విడువని ఆ పరిచారకునిచేతనే దేవుడు ఇశ్రాయేలును యొర్దాను దాటించెను. అట్టి కృప మనకును కలుగును గాక. ఆమేన్.