ప్రహ్లాద బడిలో సిగ్నల్ లేదు

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో 41 మంది ఉన్నారు. రోజూ తెల్లవారి ఐదున్నరకు వాళ్లందరికీ నేనొక పాట పంపుతాను. ఎక్కువగా బాలమురళి, అప్పుడప్పుడు ఘంటసాల, శనివారమైతే అన్నమయ్య. కింద నాలుగు ముక్కలు రాస్తాను: ఏ రాగం, ఏ చరణం దగ్గర ఆగి వినాలి, అక్కడ గొంతు ఎట్లా వంగింది. నంద్యాలలో 36 ఏళ్లు తపాలా ఉద్యోగం చేసినదాన్ని. అన్నేళ్లూ ఊరివాళ్ల ఉత్తరాలు చేరవేశాను, ఇప్పుడు నావి మొదలయ్యాయి.

పంపి స్నానానికి పోతాను. వచ్చి పూజకు కూర్చుంటాను. కూర్చున్నానే గానీ, చెయ్యి ఫోను వైపు పోతూనే ఉంటుంది. ఎవరు విన్నారు? ఎన్ని బ్లూ టిక్కులు పడ్డాయి? ఒకరోజు విష్ణు సహస్రనామం మధ్యలో లేచి ఫోను చూసి వచ్చేసరికి, ఏ నామం దగ్గర ఆపానో గుర్తు లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. చదువుతున్నంతసేపూ ఒకటే సందేహం. నాది పాట మీది ఇష్టమా, నా మీది ఇష్టమా?

మన మాటలోనే ఉంది తిరకాసు. తెలుగులో అభిమానం అంటే ఆప్యాయత. సినిమా హీరోకు అభిమానులుంటారు, నాలాంటివాళ్లకు అభిమాన గాయకులుంటారు. సంస్కృత దర్శనాల్లో అదే మాటకు లెక్క వేరు. సాంఖ్యకారికల్లో ఈశ్వరకృష్ణుడు అహంకారానికి చెప్పిన లక్షణమే అభిమానం. 'ఇది నాది, ఇందులో నేనున్నాను' అనుకోవడం. మనవాళ్లు ఆ మాటనే తెచ్చి అభిమాన సంఘాలకు పెట్టారు. తెలిసి పెట్టారో, తెలియక పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. తన హీరో సినిమా ఆడకపోతే అన్నం మానేసే పిల్లవాడికి పోయింది ఏమిటి? నా పాట ఎవరూ వినకపోతే బాలమురళికి వచ్చిన లోటేమిటి? ఉడుక్కునేది నేనే.

అట్లాగని నోరు కట్టేసుకుందామా అంటే ప్రహ్లాదుడు అడ్డం వస్తాడు. నేను అతణ్ని మొదట చూసింది టెంటు సినిమాలో. 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' కొన్నేళ్ల తర్వాత ఆళ్లగడ్డకు మళ్లీ వచ్చింది. రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు, నారదుడేమో సాక్షాత్తూ బాలమురళి. నా పిచ్చికి విత్తనం ఆ రాత్రే పడింది. అసలు తెలుగు తెర మొదట నోరు విప్పిందే ఈ కథతో, 1932లో. భాగవతంలో గురువులు ఇంటి పనుల మీద పోయినప్పుడు తోటి పిల్లలు ప్రహ్లాదుణ్ని ఆటకు పిలుస్తారు. అతను హరి సంగతి ఎత్తుకుంటాడు. ఆటకు పిలిచినవాళ్లకు హరిని అందించాడంటే, అడగని ఫార్వర్డు కాక మరేమిటది? బడి మొత్తానికి అది అంటుకుంటే గురువులు భయపడి రాజు దగ్గరికి పరిగెత్తారు. భక్తికి చెప్పిన తొమ్మిది దారుల్లో రెండోది కీర్తనం. అది తప్పెట్లా అవుతుంది?

ఈ రెండూ తేలక, సంక్రాంతి వెళ్లాక ఆళ్లగడ్డలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి పోయాను. నంద్యాల నుంచి బస్సులో గంట ప్రయాణం. అవి పార్వేట రోజులు. అహోబిల నరసింహస్వామి పల్లకి ఎక్కి దాదాపు 40 రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. తన కల్యాణానికి తానే వచ్చి పిలుస్తాడని జనం చెప్పుకుంటారు. చెంచులకైతే ఆయన ఇంటి అల్లుడు. ఊరూరా తిరిగి చెప్పుకోవడం నామోషీ అయితే స్వామే ఆ పని చేయడు గదా అని కాసేపు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

స్నేహితురాలి ఇంటి పక్కనే శిల్పుల షెడ్డు. ఆళ్లగడ్డ విగ్రహాల సంగతి మీకు తెలిసిందే. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, వాకిట్లో రాతి దుమ్ము. ఆ షెడ్డులో పిల్లవాడు ఫోను స్టాండుకు పెట్టి తన చెక్కుడు తీసుకుంటున్నాడు, రీల్స్ కోసం. అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరిచే ఘడియ వచ్చింది. అది ఆఖరున చేసే పని. తండ్రి అరిచాడు: "ఫోను తీసెయ్‌రా. ఇది ఎవురూ సూడగూడదు." పిల్లవాడు కిక్కురుమనకుండా తీసేశాడు. చూపకూడనిది కూడా ఒకటుంటుందని నాకూ అనిపించి, లోపల దండం పెట్టుకున్నాను. సాయంత్రం అదే పెద్దాయన టీ తాగుతూ కొడుకును అడుగుతున్నాడు: "పొద్దున పెట్టిన దానికి ఏమని రాసినారురా జనం?" నాకు నవ్వు ఆగలేదు.

మరునాడు ఇద్దరం అహోబిలం పోయాం. ఎగువ అహోబిలం నుంచి భవనాశిని వెంబడి రాళ్లూ రప్పలూ దాటుతూ ప్రహ్లాద బడికి చేరేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. బడి అంటే చిన్న రాతి గుహ. గోడ మీద ఏవో గీతలు, అవి ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలంటారు. ఫోటో తీసి గ్రూపులో పెడదామని ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ఊరికే కూర్చోలేక ఆమెను అడిగాను, శనివారం పాట విన్నావా అని.

"విన్యా. రెండో చరణంలో నువ్వు చెప్పిన చోట నాకేం గొప్పగా అనిపించలేదు." ఒక్క క్షణం ఆగి అంది: "నేను పంపిన హరికథ విన్నావా నువ్వు?"

ఆమె తండ్రి హరికథలు చెప్పేవాడు. పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన రుక్మిణీ కల్యాణం, 47 నిమిషాలు, గ్రూపులో పెట్టి నాలుగు నెలలైంది.

"దండం బొమ్మ పెట్టినావు గదా, విన్నావనుకున్యా. సరే, మా నాయన కాంభోజిలో యాడ జారినాడో చెప్పు సూద్దాం."

చెప్పలేకపోయాను. ఆమె ఇంకేమీ అనలేదు. వాటర్ బాటిల్ నా చేతికిచ్చింది.

కీర్తనం రెండోదని ఇందాక గొప్పగా రాశాను గదా, మొదటిది శ్రవణం. ప్రహ్లాదుడి కథలోనూ అంతే. నారదుడు చెప్పింది తల్లికి, విన్నది కడుపులోని బిడ్డ. తల్లి మరిచిపోయింది, బిడ్డ మరవలేదు. తోటి పిల్లలకు చెప్పడానికి ముందు, ఇంకా పుట్టకముందే, వినడం పూర్తి చేసినవాడు. మా గ్రూపులో 41 మందిమీ రెండో మెట్టు మీద ఎగబడి నిలుచున్నాం. మొదటి మెట్టు మీద కాలు పెట్టినవాళ్లు ఎందరో నాకు తెలియదు. నేనైతే పెట్టలేదు. అభిమానంలో అహంకారం చేరిందా లేదా అని సాంఖ్యం దాకా పోయి వెతికాను. వెతకాల్సిన చోటు నేను తెరవని ఆ 47 నిమిషాల ఫైలు.

ఇంటికి వచ్చిన రాత్రి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. క్యాసెట్ గరగర, హార్మోనియం, మధ్యలో ఎవరి బిడ్డో ఏడుపు. 31వ నిమిషంలో దొరికింది. కాంభోజి పాడుతున్నవాడు యదుకుల కాంభోజిలోకి జారి, తెలుసుకుని ఫక్కున నవ్వాడు. జనమూ నవ్వారు. వెనక్కు తిప్పి మూడుసార్లు విన్నాను.

'31వ నిమిషం' అని ఆమెకొక్కదానికే రాశాను. తెల్లవారి ఐదున్నరకు గ్రూపులో పాట మాత్రం మామూలుగానే పంపాను.