నక్షత్రాలను కూర్చినది ఎవరు?

"గెలాక్సీలు, నక్షత్రాలు ప్రకృతి నియమాల వల్లనే ఏర్పడ్డాయట. మరి దేవుడు చేసిందేమిటి?" సైన్సు చదివే పిల్లలు ఇంట్లో ఇలా అడుగుతుంటారు. కోప్పడితే ప్రశ్న ఆగుతుంది, సందేహం ఆగదు. కనుక శాస్త్రం ఏమంటున్నదో ముందు ఓపికగా విందాం.

విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. తొలినాళ్ళలో నక్షత్రాలు లేవు. అంతటా దాదాపు ఒకే తీరుగా పరచుకున్న వేడి వాయువు ఉండేది. విశ్వానికి సుమారు 3,80,000 ఏళ్ళు నిండినప్పుడు బయలుదేరిన వెలుగు నేటికీ మనల్ని చేరుతోంది. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు 1964లో దాని జాడ పట్టుకున్నారు. ఆ వెలుగులో లక్షకు ఒక వంతు హెచ్చుతగ్గులున్నాయని 1992లో కోబే ఉపగ్రహం ద్వారా తెలిసింది. లక్ష రూపాయలలో ఒక్క రూపాయి తేడా అన్నమాట! పదార్థం పిసరంత ఎక్కువ ఉన్నచోట గురుత్వాకర్షణ కూడా పిసరంత ఎక్కువ. అది చుట్టుపక్కల పదార్థాన్ని లాక్కుంది. బరువు పెరిగేకొద్దీ మరింత లాక్కుంది. కంటికి కనిపించని కృష్ణ పదార్థం ఈ పనిలో ముందు నడిచింది. కోట్ల ఏళ్ళు గడిచాక నక్షత్రాలు వెలిగాయి.

"ఆ హెచ్చుతగ్గులను దేవుడే స్వయంగా పెట్టాడు" అంటే సరిపోదా? తొందరపడకండి. వాటికీ శాస్త్రజ్ఞులు కారణం వెదుకుతున్నారు. శాస్త్రానికి తెలియని సందులో దేవుణ్ణి కూర్చోబెడితే, అది తెలిసిన రోజున ఆయనను లేపవలసి వస్తుంది.

విశ్వం ఒక ఆదిమ అణువు నుండి మొదలైందని 1931లో ప్రతిపాదించినవారు బెల్జియం దేశపు కథోలిక గురువు జార్జి లెమైత్ర్. 1951లో పన్నెండవ పయస్ పాపుగారు ఇటువంటి శాస్త్ర ఫలితాలు సృష్టికర్తకు సాక్ష్యమిస్తున్నాయన్న ధోరణిలో ప్రసంగించినప్పుడు ఆయన ఇబ్బందిపడ్డారు. తన సిద్ధాంతం మత సంబంధమైన ప్రశ్నల జోలికి పోదని ఆయన అభిప్రాయం.

13వ శతాబ్దంలోనే పునీత తోమస్ అక్వినాసు ఇందుకు దారి చూపారు. దేవుడు మూలకారణం. ప్రకృతిలోని కారణాలు ఆయన వల్ల ఉనికి పొంది, నిజంగానే పనిచేసే ఉపకారణాలు. నీరు, మట్టి, ఎండ వల్ల వరి మొలకెత్తుతుందని రైతుకు తెలుసు. అయినా కొత్త పంటకు దేవునికి కృతజ్ఞత చెబుతాడు. రెండూ నిజమే. అసలు ఏమీ లేకపోవడానికి బదులు విశ్వమంటూ ఎందుకుంది, అది నియమానికి ఎందుకు లోబడుతుంది అన్నవి దుర్భిణికి అందే ప్రశ్నలు కావు.

కాబట్టి మీ బిడ్డ చేతిలోని సైన్సు పుస్తకాన్ని మూయించకండి. పక్కన కూర్చుని, తనతో కలిసి చదవండి.