రుచి పాపమా?



జ్ఞానస్నాన విందులు, పెండ్లి విందులు జరిగినప్పుడల్లా మన విచారణల్లో రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. "తిని, తాగి సంతోషించమనే కదా దేవుడు ఇవన్నీ ఇచ్చాడు" అంటారు కొందరు. "నాలుకను చంపుకున్నవాడే నిజమైన భక్తుడు" అంటారు మరికొందరు. ఈ రెండింటిలో ఏది క్రైస్తవ మార్గం?

ముందు మన గోదావరి సీమలోని ఆత్రేయపురాన్ని చూద్దాం. అక్కడ నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లలా పలుచగా కలుపుతారు. పొయ్యిమీద బోర్లించిన కుండ కింద ఎండాకుల మంట పెడతారు. పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ మీదుగా ఒక్కసారి లాగితే, కాగితం కంటే పలుచనైన రేకు వస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. ఆ వేడిలో గంటలకొద్దీ కూర్చునేది ఎక్కువగా స్త్రీలే. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ రేకు వెనుక ఒక తల్లి ఓర్పు ఉంది. అది తలచుకుని తినేవానికి రుచి కృతజ్ఞతగా మారుతుంది. తలచనివానికి దక్కేది తీపి ఒక్కటే.

పిండివంటల విషయంలో ఇది ఒప్పుకోవడం సులభం. మరి మద్యం మాటేమిటి?

ఐర్లండు దేశంలో విస్కీ తయారీ తరతరాల వృత్తి. బార్లీ గింజలను మొలకెత్తించి, ఆరబెట్టి, పులియబెట్టి, చాలాచోట్ల మూడుసార్లు కాచి ఆవిరి పడతారు. ఆపై కనీసం మూడేళ్లు చెక్క పీపాల్లో నిలవ ఉంచాలని అక్కడి చట్టం. ఏటేటా పీపాలోనుంచి కొంత ఆవిరై పోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు "దేవదూతల వాటా". ఇంత ఓపిక, ఇంత నేర్పు చెడ్డవని ఎవరనగలరు?

కాని అదే దేశం మరో పాఠం కూడ చెబుతుంది. కార్క్ కౌంటీలోని మిడిల్టన్‌లో 1825లో మర్ఫీ సోదరులు విస్కీ బట్టీ స్థాపించారు. 1838లో అదే కార్క్‌లో థియోబాల్డ్ మాథ్యూ అనే కపూచిన్ గురువు మద్యం ముట్టబోమని ప్రజలచేత ప్రమాణం చేయించడం మొదలుపెట్టారు. లక్షలాదిమంది ఆ ప్రమాణం చేశారు. పీపా దగ్గర ఉన్న ఓపిక గ్లాసు దగ్గర కరువైంది మరి!

మన రాష్ట్రంలోనూ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. చట్టం వచ్చింది, పోయింది. కూలి డబ్బుకోసం గుమ్మంలో ఎదురుచూసే ఇల్లాలి ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

పునీత తోమా అక్వినాసు ఈ విషయాన్ని చక్కగా విడదీసి చెప్పారు. కారణం లేకుండా సుఖాన్ని ద్వేషించడం కూడ లోపమేనన్నారు. ద్రాక్షారసం సేవించడం దానంతట అది పాపం కాదన్నారు. అయితే నాలుగు సందర్భాల్లో అది తప్పవుతుంది: తాగేవాని శరీరానికి పడకపోతే, ముట్టనని మొక్కుకుని ఉంటే, మితం తప్పితే, మరొకరి పతనానికి కారణమైతే.

మొదటి మూడూ మనకు తెలిసినవే. నాలుగవదే మన విందుల్లో ఎవరికీ పట్టదు. ఆరు నెలలుగా తాగుడు మానుకుని, పిల్లల ఫీజులు కట్టుకుంటున్న తమ్ముణ్ణి పిలిచి, "ఈ ఒక్కరోజుకేం కాదులేరా!" అని గ్లాసు చేతిలో పెడతాం. దాన్ని మర్యాద అనుకుంటాం. లోపల వంటగదిలో అతని భార్య ముఖం ఎవరు చూస్తున్నారు? ఆ గ్లాసులో ఉన్నది ఎంత ఖరీదైనదైనా, ఎంత నేర్పుతో తయారైనదైనా, ఆ ఇంటి నెమ్మదికంటే విలువైనది కాదు.

బాప్తిస్మ యోహాను ద్రాక్షారసం ముట్టలేదు. క్రీస్తునాథుడు విందులకు వెళ్లాడు, కానా పెండ్లిలో ఆరు రాతి బానల నీటిని ద్రాక్షారసంగా మార్చాడు. ఇద్దరూ దేవుని చిత్తమే నెరవేర్చారు. కానాలో ఆయన కాపాడినది ఒక పెండ్లింటి పరువు. మన విందు పక్కవాని పరువు తీసేదైతే దానికి కానా పేరు చెప్పుకునే హక్కు మనకు లేదు.

కనుక రుచి పాపం కాదు. కృతజ్ఞత లేని రుచి, కనికరం లేని రుచి పాపానికి దారి. ఈసారి మీ ఇంట శుభకార్యం జరిగితే పూతరేకులు పెట్టండి, పులస దొరికితే పులుసు కాయండి, వండినవారిని పేరుపెట్టి పిలిచి మెచ్చుకోండి. మానుకున్న తమ్మునికోసం ఆ పూట గ్లాసులు బయటికి తీయకండి. అది అతనిపై మీకున్న ప్రేమకు గుర్తు. ఆ విందుకు క్రీస్తునాథుడు పిలవకుండానే వస్తాడు.