పోయు చేయి, కోయు చేయి



ఆషాఢమున మన ఉమ్మడి తోటలో మొక్కలు నాటుటకు పదిమంది వత్తురు. కార్తికమున పత్రిపుష్పములు కోయుటకు ఊరెల్ల వచ్చును. బిల్వము ఆకు రాల్చిన పిమ్మట, చైత్ర వైశాఖముల యెండలో కడవ నెత్తుకొని వచ్చువారు ఇద్దరు ముగ్గురే!

12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన కాయకము ఫలము చేతికందు దినమున మాత్రమే చేయు పని కాదు. దాసోహమనగా మిగిలినది యిచ్చుట కాదు. నాదియను భావమును విడిచి పంచుట. ఒకరు నీరు పోసిన చెట్టు పూవు వేరొకరి యిష్టలింగమును చేరును. పోసినవాని పేరు దానిపై నుండదు, ఉండనక్కరలేదు.

ఒక వేసవిలో నా వంతు వారమున నేను పోనైతిని. లేత బిల్వపు మొక్క యెండిపోయినది. నాటినుండి నేను కోయు ప్రతి దళమును నన్ను ప్రశ్నించుచున్నది. కావున కోయు చేయి ముందుగా పోయు చేయి కావలెను.