దాత పేరు ఎక్కడ వ్రాయాలి?



దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి దాటాక, ఎల్.బి.నగర్‌కు ముందు 'విక్టోరియా మెమోరియల్' స్టేషన్ వస్తుంది. 2018లో ఈ మార్గం తెరిచినప్పటి నుండి ఆ పేరు రోజూ వింటున్నాం. సరూర్‌నగర్‌లోని తన భవనాన్ని ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అనాథ బాలల కోసం ఇచ్చాడు. 1901లో మరణించిన విక్టోరియా రాణి జ్ఞాపకార్థం దానికి ఆమె పేరు పెట్టారు. ఇచ్చినది ఒకరు, పేరు మరొకరిది. అక్కడ రైలు దిగేవారిలో దాతను తలచుకునేవారు ఎందరు? అయినా ఆ నీడన ఎందరో బిడ్డలు పెరిగారు.

మన విచారణల్లో పేద పిల్లల చదువుకో, వృద్ధుల పోషణకో పెద్ద మొత్తం ఇచ్చినవారిని ఎలా గౌరవించాలి? శిలాఫలకం వేయాలా? శాలువా కప్పాలా? కుడిచేయి చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు బోధించాడు కదా అని కొందరు అడుగుతారు.

నిజమే. కాని ఆ మాట ఇచ్చేవారి కోసం చెప్పినది. దాత మరచిపోవచ్చు, పొందినవారు మరువరాదు. 13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ కృతజ్ఞతను న్యాయానికి చేరువైన సుగుణంగా వివరించాడు. అంటే అది మనం తీర్చవలసిన బాకీ. ఆ బాకీని కొలిచేటప్పుడు ఇచ్చిన వస్తువు కంటే ఇచ్చిన మనసును చూడాలని కూడా చెప్పాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మనసు మనకు కనబడదు, రశీదులోని అంకె కనబడుతుంది. అందుకే లక్ష ఇచ్చినవారి పేరు బంగారు అక్షరాల్లో పైన ఉంటుంది. వంద ఇచ్చినవారి పేరు ఎక్కడా ఉండదు. కానుకల పెట్టె ఎదుట ప్రభువు మెచ్చుకున్న పేద విధవరాలికి మన ఫలకం మీద చోటు దొరికేదా?

ఆ ఫలకం క్రింద కూర్చుని అన్నం తినే బిడ్డ సంగతి కూడా ఆలోచించండి. బియ్యం సంచి పట్టుకుని దాత ప్రక్కన ఫోటోకు నిలబడమంటే, ఆ బిడ్డ తన పేదరికాన్ని నలుగురికీ చూపించి ఆ బియ్యానికి వెల చెల్లిస్తున్నట్లే. వెల తీసుకున్నాక అది దానమెలా అవుతుంది?

ఒకరి పేరు చూసి మరొకరికి ఇవ్వాలనిపించవచ్చు, కాదనను. పేర్లు వ్రాయండి. మొత్తాలు లేకుండా, అక్షరక్రమంలో, వంట చేసే తల్లి పేరు కూడా కలిపి వ్రాయండి. ఖర్చుల లెక్క మాత్రం పైసాతో సహా అందరి ముందూ పెట్టండి. తన సొమ్ము సక్రమంగా చేరిందని తెలియడమే దాతకు పెద్ద సన్మానం.

1833లో పారిస్‌లో పుట్టిన పునీత విన్సెంట్ డి పాల్ సభలో ఒక ఆచారం ఉంది. ప్రతి సమావేశంలోనూ ఎవరెంత వేశారో తెలియకుండా కానుక పోగుచేస్తారు. వచ్చే ఆదివారం మీ పిల్లల చేత కూడా అలాగే గుప్పిట మూసి కానుక వేయించండి.